నలభై రెండు పేర్లు, ఒక ఎర్ర పెన్సిలు

ఆ రోజుల్లో మా వైపు ఎవరికీ పేరు వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. పేర్లు ఇంట్లోనే ఉండేవి. ఒక పెద్దావిడ వెళ్ళిపోతే ఆవిడ చేతికర్ర, ముక్కాలి పీట, పేరు మిగిలేవి. కర్ర అటక మీదికీ, పీట వంటింట్లోకీ, పేరు ఆ తర్వాత పుట్టిన పిల్ల మీదికీ వెళ్ళేవి. ఆ పేరు పిల్లకు సరిపోయిందా, పొడుగైందా, భుజాల దగ్గర జారుతోందా అని ఎవరూ చూసేవాళ్ళు కాదు. పెరిగితే అదే సరిపోతుందనేవాళ్ళు. పేరును వెతకాలి, కొలవాలి, పక్కవాళ్ళ పేర్లతో పొంతన చూడాలి అనే పిచ్చి మొదలుపెట్టింది మా తరం. అందులో నా వంతు పిచ్చి ఎంతో ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎనభైల మధ్యలో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మా అక్క మూడో బిడ్డకు పేరు పెట్టే పనిని ఏకంగా వంతెన కట్టినట్టు కట్టాను.

అప్పటికి నేను సివిల్ డిప్లొమా పూర్తి చేసి, కాలవల మీద తూములూ కల్వర్టులూ కట్టించే ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసే పనికి బాపట్లలో కొత్తగా చేరాను. పర్మనెంటు కాదు. మూడు నెలలకొకసారి తెనాలిలో ఉండే పెద్ద సారు సంతకం పెడితే మరో మూడు నెలలు. నా గది గోడకు నాలుగు లిస్టులు వేలాడుతుండేవి: ఊరెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి, ఊరి నుంచి తీసుకురావాల్సినవి, మర్చిపోయినవి, మర్చిపోతానేమోనని అనుమానం ఉన్నవి. (నాలుగోది ఎప్పుడూ అన్నిటికంటే పొడుగు.) తెనాలిలో మా అమ్మ వచ్చేపోయేవాళ్ళందరితో "మావాడు పెళ్ళిచూపులకెళ్తే పిల్లని చూడడమ్మా, గడులు గీసి మార్కులేస్తాడు" అనేది. (తీరా ఆ రోజు వచ్చేసరికి మార్కులు వేసింది ఆ పిల్ల. బొటాబొటిగా పాసయ్యాను.) ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. కూర్చుంటే కాలు ఊగేది, నిలబడితే జేబులో పెన్సిలు తిరిగేది. మనసు కుదుటపడాలంటే ఏదో ఒక దానికి నంబర్లు వేయాలి.

అలాంటి నాకు రేపల్లె నుంచి అక్క ఇన్‌లాండు ఉత్తరం రాసింది. మూడో కాన్పు అయింది, ఆడపిల్ల, ఇద్దరం క్షేమం, రెండో నెల మూడో ఆదివారం బాప్తిస్మానికి అయ్యగారు ఒప్పుకున్నారు, ఆ రోజు పిల్లనెత్తుకుని పేరు చెప్పాల్సిన జ్ఞాన తండ్రివి నువ్వే అని మొదలుపెట్టి, అసలు సంగతి మడత మీద జిగురు రాసే చోట ఇరికించింది. "పేరు విషయం నీకు వదిలేస్తున్నాను. చదువుకున్నావు కదా, మంచి లిస్టు రాసుకురా. మొదటిదానికి మా అత్తమ్మ పెట్టారు. రెండోవాడికి మీ బావ పెట్టారు. ఇది నా వంతు. రాకేష్ పక్కన నిలబెడితే ఒకే ఇంటి పిల్లలని తెలియాలి. చివర అమ్మ ఉండకూడదు. అది ముఖ్యం."

ఈ చివరి మాట వెనక ఏడేళ్ళ కథ ఉంది. అక్క మొదటి కాన్పులో జ్వరంతో పడి ఉండగా, వాళ్ళ అత్తగారు మనవరాలిని చేతుల్లోకి తీసుకుని, ఎవరినీ అడక్కుండా తన తల్లి పేరు పెట్టేశారు. సువార్తమ్మ. అక్క కళ్ళు తెరిచేసరికి ఇరుగుపొరుగంతా ఆ పేరుతో పిలుస్తున్నారు. రెండోసారి అబ్బాయి పుడితే మా బావ వాళ్ళమ్మకు అందకుండా గబగబా గుడికెళ్ళి రాకేష్ అని రాయించి వచ్చాడు. ఎక్కడ దొరికిందో ఆ పేరు, అప్పట్లో రేపల్లెలో వీధికో రాకేష్ ఉండేవాడు. ఫలితంగా ఒకే ఇంట్లో ఏడేళ్ళ సువార్తమ్మ, నాలుగేళ్ళ రాకేష్. బయటివాళ్ళు వింటే వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు కారు, నాయనమ్మా మనవడూ అనుకునేవారు.

ఉత్తరం చదివిన సాయంత్రమే పని మొదలుపెట్టాను. ముందు నియమాలు: ఒకటి, రాకేష్‌తో పొంతన. రెండు, చివర అమ్మ లేకపోవడం. మూడు, పది ఇళ్ళ దూరంలో ఆ పేరు మరొకరికి ఉండకూడదు. నాలుగు, గట్టిగా పిలిస్తే వినపడాలి. ఐదు, పిల్లలు వెక్కిరించడానికి వీలివ్వకూడదు. తర్వాత సేకరణ. పెళ్ళి శుభలేఖలు, ఫొటో స్టూడియోల అద్దాల వెనక చంటిపిల్లల బొమ్మల కింద పేర్లు, టైలరు దుకాణంలో గుడ్డ ముక్కలకు కుట్టిన చీటీలు, ఏదీ వదల్లేదు. సర్వే పని మీద నిజాంపట్నం పంపిస్తే, రేవులో కట్టేసిన పడవల మీది ఆడవాళ్ళ పేర్లు కూడా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్నే చూసి, "ఏం బాబూ, పడవలకేమన్నా పన్నేస్తారా?" అన్నాడు. లేదండి, మా మేనకోడలికి పేరు కోసం అన్నాను. ఆయన పక్కవాడి వైపు తిరిగి, "ఒరే, ఆ చివరి పడవ పేరు చెప్పమాక. అది రెండుసార్లు మునిగింది" అన్నాడు. నేను పెన్సిలుతో ఒక పేరు కొట్టేసి, ఆరో నియమం రాసుకున్నాను: పూర్వ చరిత్ర విచారించవలెను.

మొత్తం నలభై రెండు పేర్లు తేలాయి. బాప్తిస్మం ఇంకా మూడు వారాలుందనగా ఆదివారం పొద్దున్నే బాపట్లలో బస్సెక్కి రేపల్లె వెళ్ళాను. దారి పొడుగునా బస్సు చక్రాలు కూడా పేర్లే వల్లిస్తున్నట్టు అనిపించింది. ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క మంచం మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళత్తగారు గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తున్నారు. బావ సైకిలు తుడుచుకుంటూ, వినడం లేదన్నట్టు వింటున్నాడు.

"చదువు" అంది అక్క.

"లత."

"పాలావిడ గేదె పేరది. పొద్దున్నే లతా లతా అని అరుస్తుంటుంది. తర్వాత?"

"సుజాత."

"రాకేష్ పక్కన సుజాతేంట్రా, బళ్ళో టీచరు పేరులాగా! తర్వాత?"

"రమ్య, రజిత, రోజా, రేష్మ..."

"ఆగాగు. రేష్మ. రాకేష్, రేష్మ." అక్క రెండు పేర్లూ గాలిలో పక్కపక్కన నిలబెట్టినట్టు చూసింది. "ఇది బాగుంది. దీనికి టిక్కు పెట్టు. మిగతావీ చదువు, ఎందుకైనా మంచిది."

గుమ్మం దగ్గర నుంచి అత్తగారు, చింతపండు మీద నుంచి కళ్ళెత్తకుండా, "మా అమ్మకో చెల్లెలుండేది, అబ్బాయ్. రూతమ్మ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గొడుగులో గుడికెళ్ళేవాళ్ళు. ఒకళ్ళని పిలిస్తే ఇద్దరూ పలికేవాళ్ళు" అన్నారు.

"అత్తమ్మా, మీ వంతు అయిపోయిందండి" అంది అక్క, మర్యాదగానే.

"నేనేమన్నానమ్మా? మా పిన్ని సంగతి చెప్పుకున్నా" అన్నారావిడ. బావ సైకిలు గంట ఒకసారి మోగించి, వెంటనే దాన్ని చేత్తో మూసేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వసారాలో కూర్చుని గడులకు మార్కులు వేసుకుంటుంటే సువార్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రెండు జడలు, ఒకటి ఊడిపోయింది. కాసేపు కాగితం చూసి, "మావయ్యా, నా పేరేదీ?" అంది.

"ఇదిగో, పైన రాశానుగా. సువార్తమ్మ, ఏడేళ్ళు."

"పైన కాదు. గడుల్లో."

"గడుల్లో రాకేష్‌తో పొంతన చూస్తున్నాంరా. అమ్మ చెప్పింది."

అది చాలా వ్యవహారంగా, పెద్దమనిషి కష్టం చెప్పుకున్నట్టు చెప్పింది. బళ్ళో దాన్నెవరూ పేరు పెట్టి పిలవరు. మామ్మ అంటారు. "మామ్మా, ఆకువక్క తెచ్చావా" అంటారు, మెట్లెక్కేటప్పుడు "మామ్మా, మోకాళ్ళు జాగ్రత్త" అంటారు. టీచరు కూడా ఒకసారి నవ్వింది. "తమ్ముణ్ణి నా తమ్ముడంటే నమ్మట్లేదు మావయ్యా. చెల్లికి నాలాంటి పేరు పెట్టవా? అప్పుడు ఇద్దరం మామ్మలం ఉంటాం. ఇప్పుడు ఒక్కదాన్నే ముసలిదాన్నయిపోయాను."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. తర్వాత నా పద్ధతి ప్రకారం, కాగితం చివర రిమార్కుల గడిలో 'ఒక విన్నపం అందినది, పరిశీలించవలెను' అని రాశాను. రాసినదాన్ని అది కూడబలుక్కుని చదివి, తృప్తిగా లేచి వెళ్ళింది. పరిశీలించవలెను అంటే మా ఆఫీసులో అర్థమేంటో ఏడేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది? నేను ఆ గడి సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

బాప్తిస్మం వారంలోకి వచ్చేసరికి నాకు కొత్త దిగులు పట్టుకుంది. లిస్టు కొట్టివేతలతో చిందరవందరగా ఉంది. అంత గంభీరమైన పని అలాంటి కాగితంలో ఉండటం నాకు నచ్చలేదు. అప్పుడే పిట్టలవానిపాలెం దగ్గర ఒక మురుగు కాలవ మీద కట్టబోయే చిన్న కల్వర్టు డ్రాయింగు గీస్తున్నాను. రెండు ఒడ్డుల మీదా రెండు దిమ్మలు, వాటి మీద ఆనే శ్లాబు, అంతే. ట్రేసింగు కాగితంలో కుడి వైపు జానెడు ఖాళీ మిగిలింది. (ట్రేసింగు కాగితం ఆ రోజుల్లో బీరువాలో తాళం వేసి ఉంచేవారు. ఖాళీ వదలడం పాపమనిపించేది.) ఆ జానెడులో, నల్ల సిరాతో, డ్రాయింగు అక్షరాల్లో నలభై రెండు పేర్లూ, నియమాల గడులూ, మార్కులూ, చివరి రిమార్కుల గడితో సహా, ఉన్నదున్నట్టు ఎక్కించాను. పైన 'ఇదివరకే ఉన్నవారు' అని శీర్షిక, దాని కింద సువార్తమ్మ, రాకేష్, వయసులతో సహా. ప్రింటు తీయించి, ఆ ముక్క కత్తిరించుకుని అక్కకు చూపించాలని నా ఆలోచన.

ప్రింట్లు తీసేది మా ఆఫీసు అటెండరు. అందరం ఆయన్ను అమ్మోనియా బాబాయ్ అనేవాళ్ళం. కాగితాన్ని అమ్మోనియా పొగ పట్టించి బొమ్మ తేలేలా చేయడం ఆయన పని. ఇరవై ఏళ్ళుగా ఆ ఘాటుకు ఆయన కళ్ళు ఎప్పుడూ నీళ్ళు కారుతుండేవి. ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్తే, మనకంటే ఎక్కువ బాధపడుతున్నాడని అందరూ ఆయన్నే ఓదార్చేవారు. బుధవారం పొద్దున్న ట్రేసింగు ఇచ్చి, "రెండు ప్రింట్లు బాబాయ్, కుడిపక్కది కత్తిరించాలి" అని చెప్పి, కాలు నిలవక టీ తాగడానికి బయటికెళ్ళాను. తిరిగి వచ్చేసరికి తెనాలి తపాలా సంచి వెళ్ళిపోయింది.

"కత్తిరించావా బాబాయ్?"

"దేన్ని బాబూ?"

"కుడిపక్క!"

"ఎందుకు చింపడం? పెద్ద సారుకి నిండు కాగితమంటేనే ఇష్టం. బాగా తేలిందిలే, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు నేను ఎలా గడిపానో గుర్తుచేసుకుంటే ఇప్పటికీ కాలు ఊగుతుంది. పెద్ద సారును మేం ఎర్ర పెన్సిలు అనేవాళ్ళం. ఆయన ఎర్ర పెన్సిలు పెట్టని డ్రాయింగు లేదు, ఆయన ముందు కూర్చున్న కుర్రవాడూ లేడు. నా మూడు నెలల కాగితం ఆ నెలలోనే ఆయన బల్ల మీదికి వెళ్ళాలి. గురువారం పదింటికి ఫోను వచ్చింది: "కల్వర్టు గీసినాయన్ని రమ్మంటున్నారు. కల్వర్టే కాదు, రెండోది గీసినాయన్ని కూడా." ఇద్దరూ నేనేనని చెప్పే ధైర్యం లేక ఫోను పెట్టేసి స్టేషనుకు నడిచాను. ప్యాసింజరు బండిలో తెనాలి చేరేలోగా క్షమాపణలకు ఒక లిస్టు తయారుచేశాను. ఏడు రకాలు వచ్చాయి. ఒక్కటీ నమ్మేలా లేదు.

ఆయన గదిలో బల్ల మీద నా ప్రింటు పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు పేపరువెయిట్లు. ఎర్ర పెన్సిలు చెవి మీద.

"ఈ కల్వర్టు నువ్వే గీశావా?"

"అవునండి."

"బాగుంది. నీళ్ళు పోతాయి." వేలు కుడి వైపుకు జరిగింది. "ఇది?"

"అది పొరపాటండి, మా అక్క..."

"పొరపాటని నాకూ తెలుసయ్యా. అందులో పొరపాటెక్కడో చెబుదామనే పిలిచా. ఇటు రా." వెళ్ళాను. "పైన ఇద్దర్ని రాశావు. సువార్తమ్మ, ఏడేళ్ళు. రాకేష్, నాలుగేళ్ళు. కింద నలభై రెండు పేర్లు. ప్రతి పేరుకీ రాకేష్‌తో పొంతన చూసి మార్కులేశావు. సువార్తమ్మ గడి ఏదీ?"

"మా అక్క రాకేష్‌తోనే చూడమందండి."

ఆయన ఎడమ వైపున్న కల్వర్టు బొమ్మ మీద పెన్సిలుతో టకటకా కొట్టాడు. "ఇక్కడ రెండు దిమ్మలు కట్టావు. శ్లాబు ఒక్కదాని మీదే ఆనించావా?"

"లేదండి. పడిపోతుందండి."

"ఆ సంగతి ఇక్కడ తెలిసినవాడికి జానెడు పక్కన తెలియలేదా? రెండో దిమ్మ ఊరికే ఎండలో నిలబడి చూస్తుండాలా?"

నేను తల దించుకున్నాను. దించుకున్న కళ్ళకు రిమార్కుల గడి కనిపించింది. ఒక విన్నపం అందినది, పరిశీలించవలెను. ఆ మాట చుట్టూ ఆయన ఎర్రగా సున్నా చుట్టి పక్కన 'ఎవరిది?' అని రాశాడు. చెప్పాను. మామ్మ సంగతి, ఆకువక్క సంగతి, మోకాళ్ళ సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే, ఆ రోజు వసారాలో నాకెందుకు నవ్వొచ్చిందో గుర్తురాలేదు.

ఆయన పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "మేం నలుగురు అన్నదమ్ములం" అన్నాడు. "ముగ్గురికి దేవుళ్ళ పేర్లు. నాకంటే ముందు ఇద్దరు పోయారని, నేనన్నా బతకాలని, దిష్టి తగలకుండా నాకొక పేరు పెట్టారు. చెత్తకుప్ప మీద దొర్లించి మరీ పెట్టారట. నా సంతకంలో అన్నీ పొడి అక్షరాలే, చూశావుగా? చివరి అక్షరానికి పూర్తి మాటేంటో ఈ ఆఫీసులో ఎవరికన్నా తెలుసా?"

"తెలీదండి."

"తెలియనివ్వను." పెన్సిలు తీసి, నా గడుల మీద అడ్డంగా, పెద్ద అక్షరాలతో, 'రెండో దిమ్మ ఏది?' అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టాడు. "కల్వర్టు ఆమోదించాను. పేర్లు ఆమోదించలేదు. వెళ్ళిరా."

శనివారం, ఆయన తిరిగిచ్చిన ఆ ప్రింటు చుట్ట చంకలో పెట్టుకుని తెనాలిలో రేపల్లె బండెక్కాను. సీటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, చుట్ట విప్పి, సువార్తమ్మకు కొత్తగా ఒక గడి గీసి మళ్ళీ మార్కులు వేశాను. నలభై రెండు సున్నాలు వచ్చాయి. ఇలాంటి ఫలితం నా చదువులో ఎప్పుడూ చూడలేదు. పక్కన కూరగాయల బుట్టతో నిలబడ్డావిడ తొంగి చూసి, "పరీక్షలు దిద్దుతున్నావా నాయనా? అందరూ తప్పారా పాపం?" అంది. తప్పింది నేనేనమ్మా అన్నాను. బండి ఊగుతుంటే, అడుగున వంకర అక్షరాలతో నలభై మూడో పేరు రాశాను.

ఆ సాయంత్రం అక్క ప్రింటు మొత్తం చూసింది, ఎర్ర అక్షరాలు చదివింది, నలభై మూడో పేరు చదివింది. ఆమె ముఖం కూడా అదే రంగుకు వచ్చింది.

"ఎవర్రా ఈ ఎర్ర పెన్సిలు? నా కూతురి పేరు ఆయనెవరు దిద్దడానికి?"

"ఆయన కాదక్కా. సువార్తమ్మే..."

"సువార్తమ్మకి పేరు పెట్టినప్పుడు నన్నెవరన్నా అడిగారా? ఒళ్ళు కాలిపోతుంటే కళ్ళు తెరిచేసరికి నా బిడ్డకి వేరేవాళ్ళ పేరుంది. ఏడేళ్ళు ఎదురుచూశాను నా వంతు కోసం. నువ్వు నా తమ్ముడివి, నువ్వూ వాళ్ళలో కలిశావా?" నా దగ్గర ఉన్న ఏడు క్షమాపణల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. "రేపు అయ్యగారు అడిగితే రేష్మ అంటావు. వేరే మాట అన్నావో, రేపల్లె బండి ఎక్కమాక."

అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి వెనక్కి తగ్గారు. బావ సైకిలు లేకుండానే చేతులు తుడుచుకుంటూ బయటికి పోయాడు. సువార్తమ్మ గుమ్మం పక్కన నిలబడి అంతా వింది. నా వైపు చూడలేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఆదివారం గుడిలో ముందు వరుసలో కూర్చున్నాను. బిడ్డ నా చేతుల్లో ఉంది కాబట్టి కాలు ఊపడానికి లేదు. పాటలైపోయాయి. అయ్యగారు నీళ్ళ గిన్నె దగ్గర నిలబడి మమ్మల్ని పిలిచారు. అక్కా బావా వెనక, నేను ముందు, సువార్తమ్మ పిలవకుండానే వచ్చి నా మోచేతి పక్కన. బొటనవేళ్ళ మీద లేచి చెల్లెల్ని చూస్తోంది. నూనె పెట్టి బిగించిన రెండు జడలు.

"ఈ బిడ్డ పేరేమి?" అన్నారు అయ్యగారు.

నోరు తెరిచాను. నిజం చెబుతున్నాను, ఏ పేరు రాబోతోందో నాకు ఆ క్షణానికీ తెలియదు, ఈ క్షణానికీ తెలియదు. నా జీవితంలో లిస్టు లేకుండా తెరిచిన మొదటి నోరు అది. మాట బయటికి వచ్చేలోగా వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"రూతమ్మ అండి."

గుడిలో ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మా వరుసలో మాత్రం, అత్తగారు ముసుగు సగం దాకా లాక్కుని ఆగిపోయారు. బావ అక్క ముఖంలోకి, జ్వరం వచ్చిందా అన్నట్టు చూశాడు. అయ్యగారు నీళ్ళు తీసుకున్నారు. రూతమ్మ ఒక్క అరుపు అరిచింది. సువార్తమ్మ నా చొక్కా పట్టుకుని, "ఊరుకో రూతమ్మా, ఊరుకో, నేనున్నాగా" అంది. గుడంతా వినపడేలా అంది.

ఇంటికొచ్చాక, భోజనాల హడావుడిలో అక్క ఒక్కతే దొరికినప్పుడు, నా ప్రింటు చూసే మనసు మారిందా అని అడిగాను. (అప్పటికీ ఆ ఆశ వదల్లేదు.) "నీ కాయితమా?" అంది, పులుసు గరిటె తిప్పుతూ. "పొద్దున్న సువార్తమ్మకి జడలేస్తున్నా. చంటిది పక్కనే పడుకునుంది. ఇది దానితో మాట్లాడుతోంది, నేను వింటున్నానని కూడా లేదు. 'నీకు మంచి పేరే పెడుతున్నారు లేవే, నిన్నెవరూ ఏమీ అనరు. కానీ బళ్ళో నన్ను అక్కా అని పిలువు. అందరి ముందూ పిలువు, ఏం?' అంటోందిరా. బతిమాలుతోంది, రెండు నెలల పిల్లని." గరిటె ఆగింది. "మా అత్తమ్మ గెలిచారని అనుకోమాక. ఎవరి వంతూ కాదు, నా వంతే. నా ఇష్టప్రకారమే పెట్టుకున్నాను."

"మరి నా నలభై రెండు పేర్లూ?"

"పాలావిడకిస్తాలే. గేదె ఈనబోతోంది."

ఒక దిమ్మ సంగతి చూసుకుంటే రెండోది కదులుతుందని మా చదువులో చెప్పనే లేదు. వారం తిరక్కుండా రాకేష్ ఏడుపు లంకించుకున్నాడు. అక్క పేరులో అమ్మ ఉంది, చెల్లి పేరులో అమ్మ ఉంది, నా పేరుకు అమ్మ ఎప్పుడొస్తుంది అని. నచ్చజెప్పి నచ్చజెప్పి, విసిగిపోయి, బడిలో వేసేదాకా వాణ్ణి ఇంటిల్లిపాదీ రాకేషమ్మ అని పిలిచారు. ఇప్పుడు మీసాలు వచ్చాక ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. నెలాఖరున నా కాగితం మీద సంతకం పెట్టే ముందు ఎర్ర పెన్సిలు గారు తలెత్తకుండా, "ఏం పెట్టారు?" అన్నారు. రూతమ్మ అండి అన్నాను. "ఆనిందా?" "ఆనిందండి." మూడు పొడి అక్షరాలు గీసి కాగితం నా వైపు తోశారు. చివరి అక్షరం దగ్గర నా చూపు ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. చూసీ చూడనట్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

సువార్తమ్మ ఇప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ కూడా మామ్మే అంటారట. రేపల్లె నుంచి చెల్లెలు రాసే ఉత్తరాల కింద 'చిన్న మామ్మ' అని సంతకం ఉంటుంది. మొన్న రేపల్లె వెళ్ళినప్పుడు అక్క బీరువా సర్దుతుంటే, చీరల కింద పరిచిన కాగితం నాకెందుకో తెలిసిన కాగితంలా అనిపించింది. లాగి చూశాను. అమ్మోనియా ప్రింటు ఎక్కువ కాలం నిలవదు. కల్వర్టు మాసిపోయింది. గడులు, మార్కులు, నియమాలు, పడవల మీద నుంచి తెచ్చిన పేర్లు, అన్నీ లేత గోధుమరంగులో కలిసిపోయాయి. అడ్డంగా ఉన్న ఎర్ర పెన్సిలు మాట మాత్రం నిన్న రాసినట్టుంది. అంత శ్రద్ధగా గీతలు గీసిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రవాడు నా పక్కన నిలబడి, మార్కులు కనిపించడం లేదేంటని కంగారుగా వెతుకుతున్నట్టు అనిపించింది. భుజం తట్టి కూర్చోబెట్టాలనిపించింది. కూర్చోడు, నాకు తెలుసు.

మా ఇంట్లో రెండోబిడ్డ రావడానికి ఇంకా రెండు నెలలుంది. పోయిన ఆదివారం తెల్ల కాగితం తీశాను, స్కేలు తీశాను, మొదటి గీత గీయబోయి ఆగాను. మూడేళ్ళ మావాణ్ణి పిలిచి, పుట్టబోయే తమ్ముడికో చెల్లికో ఏం పేరు పెడదామని అడిగాను. వాడు తడుముకోకుండా "బస్సు" అన్నాడు. ఒకటో నంబరు వేసి రాసుకున్నాను.